కుట్లు విప్పే హక్కు

కొనుక్కున్న వస్తువు మనదేనా? ఇదేం ప్రశ్న అంటారేమో. రెడీమేడ్ జాకెట్టు బిగుతైతే పక్క కుట్లు విప్పి వదులు చేసుకుంటాం. పాతబడ్డ పట్టుచీర పిల్లకి పరికిణీ అవుతుంది. నేసినవాడి అనుమతి అడుగుతామా? అడగం. అతనూ ఏమీ అనుకోడు.

మరి సెల్‌ఫోనులోని యాప్ మాటేమిటి?

మా పక్కింటి కుర్రాడు ఇంజనీరింగు చదువుతున్నాడు. కంప్యూటరు ముట్టుకోకుండా, చేతిలో ఫోనుతోనే యాప్‌లను విప్పి మార్చేస్తాడు. "ఇదేం బ్రహ్మవిద్య కాదు పిన్నిగారూ!" అంటాడు. ఆండ్రాయిడ్ యాప్ ఏపీకే అనే ఫైలుగా వస్తుందిట. నిజానికది జిప్ మూట. విప్పితే బొమ్మలూ, తెరమీద కనిపించే మాటలూ, యాప్‌ని నడిపించే కోడూ వేటికవే ఉంటాయి. మార్చుకుని మళ్ళీ మూట కట్టొచ్చు. కాకపోతే తయారుచేసినవాడు ఆ మూటమీద డిజిటల్ సంతకం పెట్టి ఉంటాడు. లోపల ఒక్క అక్షరం మార్చినా ఆ సంతకం చెల్లదు. మార్చినవాడు తన సంతకం పెట్టాల్సిందే. ఆ తర్వాత అసలువాడు పంపే అప్‌డేట్ దానిమీద ఎక్కదు. పుట్టింటితో రాకపోకలు తెగిపోయినట్టే!

అది తెలిసే వాడు నాయనమ్మ కోసం పాలలెక్క రాసుకునే యాప్‌లో ఇంగ్లీషు మాటలు తీసి తెలుగు పెట్టాడు. ఆవిడ ఆనందం చూడాలి! ఆ చేత్తోనే, డబ్బు కడితేగాని తెరుచుకోని ఆటొకటి అక్కకి ఉచితంగా తెరిచిపెట్టాడు. పనిముట్లు అవే, తెలివీ అదే. రెండూ ఒకటేనా?

చట్టం కూడా ఒకటి కాదంటుంది. 1957 కాపీరైటు చట్టంలో ఇప్పుడున్న 52వ సెక్షను, న్యాయంగా సంపాదించిన ప్రోగ్రామును వ్యాపారానికి కాకుండా సొంత వాడకానికి మార్చుకుంటే తప్పు లేదంటుంది. 2012లో చేర్చిన 65ఏ సెక్షనేమో, ఎదుటివాడి హక్కుకు గండికొట్టాలని రక్షణ తాళాలు తప్పించేవాడికి రెండేళ్ళదాకా జైలుశిక్ష పెట్టింది. కుట్లు విప్పడం వేరు, తాళం తీయడం వేరన్నమాట.

ప్రకటనలు తీసేస్తే తప్పేమిటని కొందరు అడుగుతారు. మా అమ్మ తరం ఆడవాళ్ళు వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి, బైండు చేయించి దాచుకునేవారు. మిగతా ప్రకటనలన్నీ పొయ్యి పక్కకి పోయేవి. ఏ రచయిత్రీ నొచ్చుకోలేదు. ఎందుకంటే పత్రిక వెల చెల్లింది, ప్రకటన డబ్బూ ముందే ముట్టింది. ఉచిత యాప్‌ల సంగతి అలా కాదు. చాలావాటికి ప్రకటన కనబడిన లెక్కనో, నొక్కిన లెక్కనో డబ్బొస్తుంది. దాన్ని తీసేస్తే ఎవరి కంచంలోనో మెతుకులు తగ్గుతాయి. రాసుకుని బతికేదాన్ని గనక ఆ బాధ నాకు తెలుసు.

అలాగని తయారుచేసినవాళ్ళందరూ ధర్మరాజులని కాదు. టార్చిలైటు యాప్‌కి నా బంధువుల ఫోను నంబర్లెందుకు చెప్పండి? ఆ దారి మూసేయడం దొంగతనం కాదు, మనింటి తలుపు గడియ పెట్టుకోవడమే.

ఎవరో మార్చిన యాప్‌ని తెచ్చుకోవడం మరో సంగతి. అందులో వాళ్ళు ఇంకేం కలిపారో మనకి కనబడదు. 2019లో వాట్సాప్, తన పోలికలతో చెలామణీ అయ్యే మార్పిడి యాప్‌లు వాడినవాళ్ళ ఖాతాలను తాత్కాలికంగా ఆపేసింది కూడా.

నాకు తోచిన కొలబద్ద ఒకటే. మనం చేసిన మార్పు గురించి, ఆ యాప్ తయారుచేసినవాడి ఎదుట తలెత్తుకుని చెప్పగలమా? తెలుగు మాటలు పెట్టామని చెప్పగలం. నంబర్లు ఇవ్వలేదనీ చెప్పగలం; తలదించుకోవలసినవాడు అతనే. డబ్బు ఎగ్గొట్టామని మాత్రం చెప్పలేం.

పక్కింటి కుర్రాడితో ఇదే అన్నాను. నాయనమ్మ ఫోను చూపించమంటే వాడెప్పుడూ సిద్ధమే. అక్క ఫోను మాటెత్తితే మాత్రం "పనుంది పిన్నిగారూ" అంటూ లేచిపోతాడు.