ఇంట్లో పెద్దలకు తోడు కావాలని ఎప్పుడు గుర్తించాలి?



ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి సిద్ధార్థుడు ఇల్లు విడిచిపోయాడని మనం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. బాబాసాహెబ్ అంబేడ్కర్ ఈ కథను ఒప్పుకోలేదు. 1957లో అచ్చయిన ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’ గ్రంథం ముందుమాటలోనే దీన్ని ప్రశ్నించారు. 29 ఏళ్లు వచ్చిన మనిషి అంతవరకూ ఒక్క ముసలివాణ్ణీ, ఒక్క రోగినీ చూడకుండా ఉంటాడా? ఇది బుద్ధికి ఆనే మాట కాదన్నారు.

ఆ ప్రశ్నను ఒకసారి మన ఇంటివైపు తిప్పండి. ముసలితనాన్ని మనమూ రోజూ చూస్తానే ఉన్నాం. అయినా అమ్మకో, నాయనకో, అవ్వకో ఇక ఒంటరిగా కుదరదు, దగ్గర ఒక మనిషి ఉండాల్సిందే అనే సంగతి చాలా ఇళ్లల్లో వాళ్లు కిందపడి కాలు విరిగినాకే తెలుస్తుంది. అప్పుడు పుత్తూరుకు పోయి కట్టు కట్టిస్తాం. లేదంటే రుయాకో, వేలూరుకో పరుగెత్తుతాం. ఎముక అతుక్కుంటుంది. కానీ ఆమె ఎందుకు పడింది, అంతకు ముందు ఎన్నిసార్లు తూలింది అని మనం అడుగుతున్నామా?

మనవాళ్లు చెడ్డవాళ్లని ఈ మాట అనడం లేదు. కొడుకు బెంగుళూరులో ఉంటాడు. కూతురు శ్రీసిటీలో షిఫ్టుకు పోతుంది. ఫోను చేసి “ఎట్లుండావమ్మా?” అంటే “నాకేం నాయనా, బాగుండా. నువ్వు వేళకు తిను” అంటుంది. మనమూ ఆ మాట నమ్మేసి ఫోను పెట్టేస్తాం. జీవితమంతా కూలికి పోయి, జ్వరమొచ్చినా కలుపు తీసిన మనిషి ఆమె. నొప్పి చెప్పుకుంటే వినేవాళ్లు లేని కాలంలో బతికింది. బాధను దాచుకోవడం ఆమెకు అలవాటైపోయింది. అందుకే ఆమె మాట ఒక్కటే వింటే చాలదు, ఇంటిని కూడా చూడాలి.

ఏం చూడాలి? ఒకే చీర ఎన్ని రోజులుగా కట్టుకుంటోంది? స్నానానికి పోవడానికి భయపడుతోందా? నడిచేటప్పుడు గోడ పట్టుకుంటోందా? సంగటి గిన్నె మళ్లీ మళ్లీ మాడుతోందా? బీపీ, షుగరు మాత్రలు లెక్క ప్రకారం అయిపోతున్నాయా, మిగిలిపోతున్నాయా? రవికె వదులైందా? చేతిమీద కమిలిన మచ్చలున్నాయా? తెలిసిన వీధిలోనే దారి తప్పుతోందా? వాకిట్లో కూర్చుని నలుగురితో మాట్లాడే మనిషి లోపలే ఉండిపోతోందా? వీటిలో ఒకటి ఒకసారి కనబడితే కంగారు పడొద్దు. రెండు మూడు కలిసి కొన్ని వారాలుగా కనబడుతుంటే తోడు అవసరం వచ్చిందని అర్థం. ఉన్నట్టుండి మూతి వంకర పోయినా, మాట తడబడినా, ఒక పక్క చెయ్యి పడిపోయినా వారాలు ఆగకండి. వెంటనే 108కి ఫోను చెయ్యండి.

వినయపిటకంలో ఒక సంఘటన ఉంది. ఒక భిక్షువు విరేచనాల జబ్బుతో తన మలమూత్రాల్లోనే పడివున్నాడు. బుద్ధుడు ఆనందుడితో కలిసి అటు వచ్చి మూడు ప్రశ్నలడిగారు. నీకు ఏం జబ్బు? నిన్ను చూసుకునేవాళ్లున్నారా? లేకపోతే ఎందుకు లేరు? మూడో ప్రశ్నకు ఆ భిక్షువు చెప్పిన జవాబును మనం తప్పించుకోలేం. తాను తోటివాళ్లకు ఏ పనికీ రాలేదు కాబట్టి వాళ్లూ తనను చూడటం లేదన్నాడు. బుద్ధుడు స్వయంగా నీళ్లు పోశారు, ఆనందుడు కడిగాడు. ఇద్దరూ తలవైపు ఒకరు, కాళ్లవైపు ఒకరు పట్టి మంచంమీద పడుకోబెట్టారు. తర్వాత సంఘాన్ని పిలిచి, మీకిక్కడ తల్లీ తండ్రీ లేరు, ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారని అడిగారు. రోగికి సేవ చేయడం తనకు సేవ చేయడమేనన్నారు. ఎవరూ లేని రోగిని సంఘమే చూసుకోవాలని, చూడకపోతే దోషమని నియమం పెట్టారు.

పనికొచ్చినంత కాలమే మనిషికి విలువ అనే లెక్కను బుద్ధుడు అక్కడ కొట్టేశారు. “మా నాయన తాగి తగలేశాడు, ఇప్పుడు నేనెందుకు చూడాలి?” అనేవాళ్లు మనలోనూ ఉన్నారు. ఆ కోపానికి కారణం ఉండొచ్చు. కానీ మంచంలో ఉన్న మనిషి ఆకలి ఆ లెక్క తేలేదాకా ఆగదు. “ఆయన కర్మ, అనుభవించనీ” అనే మాట ఇంకా ప్రమాదం. పోయిన జన్మ పాపమని చెప్పే మన తాతలను ఊరి బయట ఉంచారు. ఆ మాటను బాబాసాహెబ్ తిరస్కరించారు. మన ఇంటి మంచం దగ్గర మనం దాన్ని మళ్లీ పలకకూడదు.

తోడు అవసరమని ఒప్పుకోవడం చిన్నతనం కాదు. రాజ్యాంగ రచనలో మునిగివున్న రోజుల్లో బాబాసాహెబ్‌కు షుగరు, కాళ్ల నొప్పులు ముదిరాయి. ఇంట్లో దగ్గరుండి చూసుకునే మనిషి కావాలని వైద్యులు చెప్పారు. ఆయన ఆ అవసరాన్ని ఒప్పుకున్నారు. 1948 ఏప్రిల్ 15న డాక్టర్ శారదా కబీర్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆమే మన మాయి సవితా అంబేడ్కర్. ఈ సంగతి మీ నాయనకు చెప్పండి, మొండితనం కొంత తగ్గుతుంది.

అయితే తోడు అంటే కట్టేసి కూర్చోబెట్టడం కాదు. గాలికి వదిలేయడమూ, చెయ్యి కదపనీయకపోవడమూ రెండూ అతులే. మధ్యే మార్గం ఉంది. కూర తరగగలిగితే తరగనివ్వండి, పొయ్యి దగ్గర మాత్రం ఒకరు ఉండండి. ఏ పనికి సాయం కావాలో ఆమెనే అడగండి.

మరి ఎవరు చెయ్యాలి? మన ఇళ్లల్లో జవాబు సిద్ధంగా ఉంటుంది: కోడలు. ఆమె పని మానుకుంటుంది, నడుం పడిపోతుంది, కొడుకేమో మందులు తెచ్చి బాధ్యత తీరిందనుకుంటాడు. మలం ఎత్తే పనిని ఒక కులానికి అంటగట్టిన సమాజాన్ని మనం ఎదిరించాం. అదే పనిని ఇంట్లో ఒక ఆడమనిషికి అంటగడితే మనం మారినట్టేనా? బుద్ధుడు చేత్తో పట్టిన పనిని కొడుకు పట్టడానికి సిగ్గెందుకు? రాత్రి ఒకరు, పగలు ఒకరు, ఆదివారం దూరాన ఉన్నవాళ్లు అని పంచుకోండి.

కూలి పోతే పూట గడవని ఇళ్లు ఉన్నాయి. అక్కడ విహారం, వీధి కలిసి రావాలి. ఆశా కార్యకర్తకు, ఏఎన్‌ఎంకు చెప్పండి. పూర్తిగా మంచం పట్టినవాళ్లకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. సచివాలయంలో అడగండి. పెద్దల సహాయానికి 14567 నంబరు ఉంది. కన్నవాళ్లను చూడటం 2007 నుంచి చట్టం చెప్పిన బాధ్యత కూడా.

వచ్చే పౌర్ణమికి విహారంలో కూర్చునే ముందు మీ వీధిలో ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ల ఇళ్లకు పోయి రండి. ఆ మూడు ప్రశ్నలూ అడగండి. “బాగుండా” అన్నా వెంటనే లేవకండి, కాసేపు కూర్చోండి.

నమో బుద్ధాయ. జై భీమ్.