గీత అనుకుని చెరిపేశాను

మాచర్లలో నాకు పెదనాన్న వరసయ్యే ఒక బడిపంతులుగారు పోయి ఏడాదైంది. ఆయన కొడుకు ఇల్లు పడగొట్టి కట్టుకుంటూ, అటక మీది రేకు ట్రంకుపెట్టె దించి నాకు ఫోన్ చేశాడు. "పాత సామాన్లోడికి వేద్దామనుకున్నా తమ్ముడూ, ఫిల్ముల్లో వెండి ఉంటదంటగా. నీకేమన్నా పనికొస్తాయేమో చూడు" అన్నాడు. వెండి మాట నిజమే. నలుపు తెలుపు నెగిటివ్‌లో బొమ్మను నిలబెట్టేది వెండి రేణువులే.

మూత తీయగానే వెనిగర్ వాసన కొట్టింది. ఎసిటేట్ ఫిల్మ్ కుళ్లేటప్పుడు వచ్చే వాసన అది. వేడీ తేమా తగిలితే ఫిల్మ్‌లోంచి ఎసిటిక్ ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లమే కుళ్లును ఇంకా తొందర చేస్తుంది. పల్నాడు ఎండల్లో, అటక మీద, అరవై ఏళ్లు! కొన్ని చుట్టలు విప్పితే విరిగిపోయాయి.

మిగిలినవాటిలో నాగార్జునకొండ లోయ ఉంది మిత్రులారా. నీళ్లు రాకముందు లోయ.

మన పాఠకులకు ఈ చరిత్ర కొత్త కాదు. 1926లో ఎ.ఆర్. సరస్వతి ఆ శిథిలాలను గుర్తించారు. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వించారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. లోయ మునుగుతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి. కొన్ని కట్టడాలను విప్పి కొండ మీదా, అనుపులోనూ మళ్లీ నిలబెట్టారు. తక్కినవి అడుగున ఉన్నాయి. వాటిని చూడాలంటే ఆనాటి కొలతలూ, పటాలూ, ఫొటోలే దిక్కు. పురావస్తు శాఖవాళ్లవి వాళ్ల దగ్గర ఉన్నాయి. మా పెదనాన్న సెలవు రోజున అరువు కెమెరాతో తీసుకున్నవి ఈ పెట్టెలో ఉన్నాయి.

నేను బీఏ చదివినవాణ్ణి, యంత్రాలు నాకు రావు. ఒక కుర్రాడి దగ్గర పాత ఫ్లాట్‌బెడ్ స్కానర్ తెచ్చుకుని నేర్చుకున్నాను. ఫిల్మ్‌కి మెరిసే వైపు, మసక వైపు అని రెండుంటాయి. తిరగేసి పెడితే బొమ్మ అద్దంలో చూసినట్టు వస్తుంది, శాసనం అక్షరాలు కుడి ఎడమలు తారుమారవుతాయి. 2400 డిపిఐ, 16 బిట్ టిఫ్ పెడితే ఒక్కో చదరపు నెగిటివ్ 50 ఎంబీ దాటుతుంది. ఇవన్నీ చేతికి అలవాటవుతాయి. అలవాటు కానిది దుమ్ము. రంగుల ఫిల్మ్ అయితే స్కానర్ పరారుణ కాంతి వేసి దుమ్ముని పట్టుకుని తనే తీసేస్తుంది. ఎందుకంటే ఆ కాంతి రంగుల్లోంచి దూరిపోతుంది, దుమ్ము దగ్గర ఆగుతుంది. నలుపు తెలుపులో వెండి కూడా ఆ కాంతిని ఆపేస్తుంది కాబట్టి యంత్రం బొమ్మనే దుమ్మనుకుంటుంది. ఏది మరకో ఏది మనిషో మనమే కూర్చుని చూడాలి.

నేను సరిగ్గా చూడలేదు. ఒక బొమ్మలో పెద్ద రాతిపలక, దాని మీద అడ్డంగా సన్నటి తెల్లగీత. నెగిటివ్ మీద పోగు పడితే పాజిటివ్‌లో తెల్లగానే వస్తుంది, అది అదేననుకుని పక్క రాయి రంగు తెచ్చి పూసేశాను. అంచున సగం సగం కనిపిస్తున్న మనుషులు బొమ్మను పాడుచేస్తున్నారని కత్తిరించాను. రాయి భలే ఒంటరిగా, గంభీరంగా వచ్చింది. అందరికీ పంపాను కూడా. వారం తర్వాత అదే చోటు పక్కనుంచి తీసిన నెగిటివ్ చేతికొచ్చింది. ఆ గీత తాడు. ఎండ పడి మెరుస్తోంది. నేను కత్తిరించిన మనుషులు ఆ తాడు లాగుతున్నారు.

మహాచైత్యాన్ని పునరుద్ధరించిన చాంతిసిరి, చాంతమూల మహారాజు సోదరి, పేరు మూడో శతాబ్దం శాసనాల్లో ఈనాటికీ చదువుకుంటున్నాం. ఆవిడ దానం గొప్పదే. ఆ రాళ్లు లాగినవాళ్లకి మాత్రం శాసనం లేదు. ఇరవయ్యో శతాబ్దంలో లాగినవాళ్లకి కనీసం నెగిటివ్ దక్కింది, దాన్ని నేను శుభ్రం చేశాను! పంచశీలలో నాలుగోది రోజూ చెప్పుకుంటాం. అబద్ధం నోటితోనే ఆడతామనుకున్నాను ఇన్నాళ్లూ.

పెట్టె అడుగున 1980ల అంబేద్కర్ జయంతి ఊరేగింపు రీలు దొరికింది. బాబాసాహెబ్ పటం మోస్తున్నవాళ్లలో ఒకతను తర్వాత కోర్టులో సాక్ష్యం మార్చాడు. ఆ కేసులో తమ్ముణ్ణి పోగొట్టుకున్న అక్క స్కాన్ చూసి, "ఆ మనిషిని తీసెయ్యి, పుస్తకంలో వాడు ఆ పటం మోస్తుంటే నేను చూడలేను" అంది. ఇప్పుడు అది అయిదు నిమిషాల పని, ఫోన్‌లో కూడా అవుతుంది. తాడు సంగతి జరక్కపోతే తీసేసేవాణ్ణేమో.

అతను పటం మోసింది నిజం. మాట మార్చింది నిజం. మొదటిది చెరిపేస్తే రెండోది ఇంకా అర్థం కాకుండా పోతుంది, పటం మోసిన భుజాన్ని ఏ భయం, ఏ అప్పు వంచిందని రేపటి పిల్లలు అడిగే వీలుండదు. ఈ వాదన నాకు బాగానే తోచింది గానీ ఆవిడ మొహం చూశాక నోరు రాలేదు. అభయరాజకుమార సుత్తంలో బుద్ధుడు, నిజమూ మేలైనదీ అయినా ఎదుటివారికి అప్రియమైన మాటకు సమయం చూసుకోవాలంటాడు. అందుకే ఆ ఫొటో ఈసారి పుస్తకంలో వేయడం లేదు. ఫైలుని మాత్రం ముట్టుకోను. వేయకుండా ఉండటం, మార్చి వేయడం ఒకటి కాదని నా లెక్క. మా కమిటీలో ఇద్దరు దీన్ని పిరికితనం అన్నారు, కొంత అయ్యుండొచ్చు.

అన్నీ అనిత్యమే కదా, ఈ ఫిల్ములకి ఇంత తాపత్రయం ఎందుకని ఒక మిత్రుడు అడిగాడు. నిజమే, హార్డ్ డిస్కులు ఫిల్మ్ కంటే ముందే పోతాయి, వాటిని కూడా కొన్నేళ్లకోసారి మార్చి రాసుకోవాల్సిందే. కానీ మహాపరినిబ్బాన సుత్తంలో బుద్ధుడు చివరగా అనిత్యం గురించి చెప్పి ఊరుకోలేదు, వెంటనే అప్పమాదం గురించి చెప్పాడు, అంటే ఏమరుపాటు లేకుండా ఉండమని. లోయ ఎటూ దక్కదు. తాడు లాగినవాళ్లని రెండోసారి ముంచకుండా ఉండటం నా చేతుల్లో పని.

తాడున్న బొమ్మను కత్తిరించకుండా మళ్లీ స్కాన్ చేసి, మొదటిది అందుకున్న వాళ్లందరికీ తప్పు నాదేనని రాసి పంపాను. ఇంకా మూడు చుట్టలున్నాయి. అంచులు ముడుచుకుంటున్నాయి, వానలు మొదలవకముందే తెరవాలి.