గాజు కూజాకు న్యాయమైన వెల ఏది?



పాత సామాన్లలో ఒక పూలకూజాను ఒకామె అమ్మకానికి పెట్టిందనుకోండి. ఆమె దృష్టిలో అది మామూలు గాజు. కొనేవానికి దాని అసలు విలువ తెలుసు. అడిగిన కొద్ది సొమ్ము ఇచ్చి, మారు మాట్లాడకుండా పట్టుకుపోవచ్చునా? "అడిగినంతా ఇచ్చాడుగా, తప్పేముంది?" అంటారేమో. కాస్త ఆలోచిద్దాం.

కళాత్మకమైన గాజు విలువ పైకి కనబడదు. అమెరికాలో లూయీ కంఫర్ట్ టిఫనీ 1890లలో 'ఫావ్రిల్' అనే గాజును తెచ్చాడు. నెమలికంఠంలా రంగులు మారే ఆ గాజు ధనవంతుల ఇళ్లకు చేరింది. 1907లో ఫెంటన్ కంపెనీ అచ్చులో నొక్కిన చౌక గాజుపై, అది వేడిగా ఉండగానే లోహ లవణాలు చల్లి అటువంటి మెరుపే తెప్పించింది. దానికే తరువాత 'కార్నివాల్ గాజు' అని పేరు వచ్చింది. మన దేశంలో ఫిరోజాబాద్‌లోనూ అటువంటివి తయారయ్యాయి.

తెలిసినవారు ముందుగా అడుగు తిప్పి చూస్తారు. ఊదిన గాజుకు తరచు కడ్డీ విరిచిన మచ్చ ఉంటుంది. అచ్చు గాజుకు అతుకు గీత కనిపిస్తుంది. పెచ్చు ఊడిందేమోనని అంచును వేలితో తడుముతారు. సంతకం ఒక్కటే చూసి నమ్మరు, ఎందుకంటే టిఫనీ పేరును దొంగతనంగా చెక్కినవారున్నారు. ముద్ర లేదని తోసెయ్యరు కూడా. ఫెంటన్ తన కార్నివాల్ గాజుపై ముద్ర వేయడం 1970లోనే మొదలుపెట్టింది.

ఈ నేర్పుకు ఏళ్లు పడతాయి. ఆ శ్రమకు ఫలం ఉండకూడదా? తప్పక ఉండాలి. అయితే నేర్పుకు దక్కే కూలి వేరు, ఎదుటివారి తెలియనితనం నుండి పిండుకున్న లాభం వేరు. బంగారాన్ని ఇత్తడి అనుకొని అమ్ముతున్నవాని వద్ద తెలిసి కొన్నవాడు అన్యాయం చేసినట్లేననీ, నష్టాన్ని తీర్చవలసిందేననీ 13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు తేల్చారు. విలువ తెలియక గ్రంథాన్ని తక్కువ వెలకు ఇవ్వబోయినవానికి, అడగకుండానే న్యాయమైన వెల చెల్లించిన ఒక మనిషిని గురించి పునీత అగస్టీను వ్రాశారు.

ఇద్దరూ ఆరితేరిన వర్తకులైతే లాభనష్టాలు ఇద్దరికీ తెలిసినవే. అవసరంలో ఉండి అమ్ముకునే పేదవారి ఎదుట మాత్రం మన మౌనమే మోసమవుతుంది.

మీరు ఏది కొన్నా సరే, ఒక్క ప్రశ్న వేసుకోండి: నాకు తెలిసినదంతా అమ్మినవారికి రేపు తెలిస్తే, వారి ముఖం చూసి పలకరించగలనా? పలకరించగలిగితే మీరిచ్చినది న్యాయమైన వెలే.