సలహా ఇచ్చేవాడికి పోయేదేమిటి?

సిల్క్ బోర్డు దాటి హోసూరు రోడ్డెక్కితే వచ్చే బొమ్మనహళ్ళిలో ఇప్పుడు ఎటు చూసినా గార్మెంట్ ఫ్యాక్టరీలు, పీజీలు. ఆ పీజీల్లో అనంతపురం, చిత్తూరు కుర్రాళ్ళకు కొదవ లేదు. యూట్యూబ్‌లో ఏదో కషాయం చూసి ఊరికి ఫోన్ కొడతారు: "నాన్నా, ఈసారి చెనక్కాయకి ఇది కొట్టి చూడు." పంట పోయినా కొడుకు జీతం ఆగదు. నష్టం తనది కానప్పుడు ఇంకొకరి చేనుకు సలహా చెప్పే అధికారం ఎక్కడిది?

రైతుకు సలహా చెప్పడమే పనిగా ఉన్న వ్యవసాయ విస్తరణ వ్యవస్థ ఈ ప్రశ్న జోలికి చాలాకాలం పోలేదు. ప్రపంచ బ్యాంకు అండతో 1970లలో వచ్చిన శిక్షణ–సందర్శన పద్ధతిలో, శాస్త్రవేత్తల మాటను పదిహేను రోజులకోసారి రైతుకు చేరవెయ్యడమే ఉద్యోగి నేర్పు.

గీతలో సలహాదారు తీరు వేరు. ఆయుధం పట్టనన్న కృష్ణుడు పగ్గాలు పట్టి ముందు కూర్చున్నాడు. తర్వాత యుద్ధంలో భీష్ముడి బాణాలు ఆయన ఒంటికీ తగిలాయి. గీతలో అర్జునుడికి అంతా చెప్పాక పద్దెనిమిదో అధ్యాయంలో, బాగా ఆలోచించుకుని నీ ఇష్టప్రకారం చెయ్యమన్నాడు. మూడు శ్లోకాలు దాటగానే నన్నే శరణు వేడమన్నాడు కదా అని ఎవరైనా అడ్డు తగలొచ్చు. నిజమే, కానీ అది దేవుడి మాట. వ్యవసాయ విస్తరణ అధికారికి (ఏఈఓ) వచ్చే వారం వాన పడుతుందో లేదో కూడా తెలియదు. పోనీ, నిర్ణయం రైతుకే వదిలేస్తే సరిపోతుందా? "మేం చెప్పాం, వాళ్ళు వినలేదు" అని చేతులు దులుపుకోవడానికీ అదే దారి. రథం మీదే ఉండి వదిలెయ్యడం వేరు, దిగిపోయి వదిలెయ్యడం వేరు.

1989లో ఇండోనేషియా వరి మళ్ళలో మొదలైన పొలంబడి ఈ తేడాను పట్టుకుంది. పొద్దున్నే రైతులు మడిలో దిగి దుబ్బుకు సాలీళ్ళెన్ని, దోమలెన్ని అని లెక్కపెట్టి చార్టు మీద బొమ్మ గీస్తారు. "ఇదేం పురుగు సార్?" అని అడిగితే అధికారి పేరు చెప్పెయ్యకూడదు. "ఎక్కడ దొరికింది? ఏం తింటోంది?" అని ఎదురు అడగాలి. తేలకపోతే ఆ పురుగునూ ఒక సాలీడునూ సీసాలో వేసి, మూతికి గుడ్డ కట్టి, ఎవరు ఎవర్ని తింటారో చూస్తారు. చదువుకున్నవాడు నోరు కట్టుకోవడం ఎంత కష్టమో ఆ శిక్షణ తీసుకున్నవాళ్ళకే ఎరుక.

ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ఇంకో అడుగు వేసింది. 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో, తమ చేలో చేసి చూసిన రైతులే తోటి రైతులకు నేర్పుతారు. వాళ్ళలో స్వయం సహాయక సంఘాల మహిళలూ ఉన్నారు. దిగుబడి తగ్గితే నేర్పినవాళ్ళ గాదెలోనూ తగ్గుతుంది. ఈ కార్యక్రమం 2024 గుల్బెంకియన్ బహుమతిని మరో ఇద్దరితో కలిసి పంచుకుంది.

అయినా తెగులు కనబడగానే చాలామంది రైతులు పరుగెత్తేది మందుల కొట్టుకే. అక్కడ సలహా ఉచితం, డబ్బు మందుకు. అందుకే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విస్తరణ శిక్షణ సంస్థ 'మేనేజ్' 2003లో ఈ డీలర్ల కోసమే 'దేశి' డిప్లొమా మొదలుపెట్టింది. మంచి పనే. పురుగును గుర్తుపట్టడం తరగతిలో నేర్పొచ్చు. "ఈ వారం ఏమీ కొట్టక్కర్లేదు" అని గిరాకీని తిప్పి పంపిన డీలరుకు ఆ రోజు అమ్మకం మాత్రం పోతుంది.