రజా బిందువు: ఆదిస్థానమా, గమ్యస్థానమా?

సయ్యద్ హైదర్ రజా (1922–2016) చిత్రాల్లో 1980 ప్రాంతం నుంచి చివరిదాకా విడవకుండా కనిపించే నల్లని వృత్తాన్ని, అంటే ఆయన బిందువు అని పిలుచుకున్న రూపాన్ని, ఉపాసనా చిహ్నంగా చూడాలా లేక కేవలం రేఖాగణిత రూపంగా చూడాలా అన్నది కళావిమర్శకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. పూజాపీఠం మీది చిహ్నం కాన్వాసు మీదికి వచ్చినప్పుడు తన అర్థాన్ని వెంట తెచ్చుకుంటుందా, లేక అక్కడ దాన్ని కొత్తగా సంపాదించుకోవలసి ఉంటుందా అన్న తాత్త్విక ప్రశ్న అందులో ఇమిడి ఉంది.

శ్రీవిద్యోపాసన గురించి విన్న తెలుగు పాఠకులకు బిందువు పరిచితమైనదే. ఆ ఉపాసనలో పూజించే యంత్రమైన శ్రీచక్రంలో ఊర్ధ్వముఖంగా ఉన్న నాలుగు త్రికోణాలు, అధోముఖంగా ఉన్న ఐదు త్రికోణాలు ఒకదానిలో ఒకటి చొచ్చుకుపోగా ఏర్పడిన 43 చిన్న త్రికోణాల నడుమ నిలిచే బిందువు, శివశక్తులు ఇంకా విడివడని స్థితికి సంకేతం. ఆ చక్రాన్ని బిందువు నుంచి వెలుపలి చతురస్రమైన భూపురం వైపు అర్చించుకుంటూ వెళితే సృష్టిక్రమమనీ, భూపురం నుంచి బిందువు వైపు వస్తే సంహారక్రమమనీ అంటారు. ఇక్కడ సంహారమంటే వినాశం కాదు, విస్తరించినది తన మూలంలోకి తిరిగి ఒదగడం. అంటే ఒకే బిందువు ఒక దారిలో ఆరంభం, మరో దారిలో ముగింపు.

రజా కళాజీవితాన్ని ఈ రెండు క్రమాల వెలుగులో చూడడం సబబు. బొంబాయిలో ప్రకృతి దృశ్యాలు గీస్తూ, 1947లో సూజా, హుస్సేన్, ఆరా తదితరులతో కలిసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్‌ను స్థాపించిన ఆయన, 1950లో పారిస్ చేరి ఫ్రెంచి గ్రామాల ఇళ్లను, ఆకాశాలను చిత్రించారు; 1962లో అమెరికాలోని బర్క్‌లీలో బోధించడానికి వెళ్లినప్పుడు అమెరికన్ చిత్రకారుడు మార్క్ రోత్కో చిత్రాలు చూశాక ఇళ్ల గోడలు, పైకప్పులు కరిగి రంగు మాత్రమే మిగలసాగింది. ఇంతవరకు నడిచినది సంహారక్రమమే. బిందువు దొరికాక దారి తిరగబడింది: అందులో నుంచే త్రిభుజాలు, అంకురాలు, నాగాలు, ప్రకృతి పురుషుల జంట పుట్టుకొచ్చాయి. సాంఖ్యంలో పురుషుడంటే సాక్షిగా ఉండే చైతన్యం, ప్రకృతి అంటే పరిణమించే మూలశక్తి. రజా వాటిని మనుషుల ఆకృతిలో కాక, ఎదురెదురుగా నిలిచే త్రికోణాలుగా చిత్రించారు.

అయినా ఈ బిందువుకు తొలి బీజం తంత్రగ్రంథంలో పడలేదు. మధ్యప్రదేశ్‌లోని మండ్లా అడవుల్లో అటవీ ఉద్యోగి కొడుకుగా పెరిగిన రజా, చదువు మీద నిలవని తన మనసును కుదర్చడానికి బడిపంతులు గోడమీద ఒక చుక్క పెట్టి దాన్నే చూస్తూ ఉండమన్న సంగతిని పెద్దయ్యాక పలుమార్లు చెప్పుకున్నారు. యోగశాస్త్రం దీన్నే ధారణ అంటుంది, అంటే చిత్తాన్ని ఒకచోట కట్టి ఉంచడం. ఆ చుక్కకు అప్పటికి సృష్టిరహస్యం ఏదీ అంటలేదు; అది చూపును నిలిపే ఆధారం మాత్రమే. రజా బిందువుకున్న అర్థాల్లో ఇదే మొదటిది, బలమైనదీ ఇదేనని చెప్పక తప్పదు, ఎందుకంటే శక్తితత్త్వం ఎరగని ప్రేక్షకుడి మీద కూడా ఆ చిత్రం పనిచేయడం దీనివల్లనే.

చతురస్రపు కాన్వాసు నడుమ గాఢమైన నలుపు, దాని చుట్టూ బూడిదరంగు నుంచి తెలుపు వైపు మెల్లగా తేరుకునే వలయాలు, అంచున పట్టీలుగా ఎరుపు, పసుపు, నీలం: చూపు మొదట లోపలికి జారుతుంది, కాసేపటికి ఆ నలుపే వెలుగును బయటికి నెడుతున్నట్లు తోస్తుంది. ఆయన దృష్టిలో నలుపు శూన్యం కాదు, అన్ని రంగులను కడుపులో పెట్టుకున్న తల్లిరంగు. యంత్రం ప్రాణప్రతిష్ఠతో పూజార్హమవుతుంది. చిత్రంలోని బిందువుకు అలాంటి సంస్కారమేదీ ఉండదు గనుక, ఆ ప్రాణం పోసే భారమంతా రంగుదే. కాబట్టి తంత్ర నిఘంటువు తెరిచి ప్రతి త్రికోణానికీ అర్థం రాసిపెట్టే వ్యాఖ్యానం ఎంత పాండిత్యంతో కూడినదైనా చిత్రాన్ని తాకదు. బిందువు ఉన్నంత మాత్రాన ప్రతి చిత్రమూ ధ్యానస్థానం కాదు. వలయాల నడుమ బిగువు సడలిన కొన్ని చివరి చిత్రాల్లో అది ఆకర్షణీయమైన గుర్తుగానే మిగిలిపోయింది. 1981 నాటి ‘మా’ చిత్రంలో మాత్రం, తల్లిని పిలిచే నాగరి అక్షరాల తోడుగా, అదే నలుపు విడిచి వచ్చిన నేలగానూ, తిరిగి చేరవలసిన చోటుగానూ ఒకేసారి నిలుస్తుంది.