జీలకర్ర ఎక్కడుంది?

మా వంటింటి గోడకు నేను చేసిన అరల చట్రం బిగించి మూడు నెలలైంది. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. పైన పోపు దినుసుల సీసాలకు రెండు వరసలు, మధ్యలో గరిటెలకీ అట్లకాడకీ కొక్కేలు, పక్కన కరెంటు బిల్లులు, మందుల చీటీలు దోపుకోడానికి సన్నటి గళ్ళు, అడుగున ఒక పెద్ద అర. నాలుగు ఆదివారాలు పట్టింది. ఇంత చిన్న పని మీద వ్యాసమా అనుకోవచ్చు. అది గోడకెక్కాక ఇంట్లో జరిగింది మాత్రం నాకు చిన్నదిగా అనిపించలేదు.

"జీలకర్ర ఎక్కడుంది?" అన్న ప్రశ్నతో మొదలైందిదంతా. నా సహచరుడు వంట చేస్తాడు. వారానికి మూడు రోజులు, నిజంగానే చేస్తాడు. అతను చేసే ఆ గంటసేపూ నేను పక్కగదిలో పేపర్లు దిద్దుకుంటూ జవాబులు చెబుతుండాలి. జీలకర్ర, ఇంగువ, కుక్కర్ మూత, పట్టకారు. చేతులు అతనివి, జ్ఞాపకం నాది. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానిమీద రోజుకు 289 నిమిషాలు, చేసే పురుషులు 88 నిమిషాలు గడుపుతున్నారు. ఏది ఎక్కడుందో, ఏది ఎప్పటికి అయిపోతుందో గుర్తుపెట్టుకునే పని ఈ నిమిషాల్లో ఎక్కడ పడుతుంది? నన్నడిగితే ఆ గంట నేను కూడా కాలేజీ పనిలోనే రాసేదాన్నేమో.

చెక్కలూ, పాత డ్రిల్లింగ్ మిషనూ ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొన్నాను. రైతుబజారులో ఆడవాళ్ళను తోసుకుంటూ నడవాలి. సంతలో పనిముట్లు పరిచిన చోట మాత్రం నేనొక్కదాన్నే. "అన్న రాలేదా అక్కా?" అన్నాడు అమ్మే అబ్బాయి. అన్నకు కాదు, నాకేనన్నాను. ఎగతాళి చేస్తాడనుకుని ముందే ముఖం గంటు పెట్టుకున్నాను గానీ, అతను మిషను ఎలా పట్టుకోవాలో, గోడలో గిట్టీ ఎలా దించాలో ఓపిగ్గా చూపించాడు. ఉప్పు కాగితంతో రుద్దడం, ప్రైమరు, దానిమీద రెండు పూతల ఎనామిల్. మట్టం చూడ్డానికి నీళ్ళు సగం పోసిన సీసా. అయినా ఒక పక్క కొంచెం ఒరిగే ఉంది.

రంగు నీలం. 1926లో మార్గరెటె షూటె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు ఫ్రాంక్‌ఫర్టులోని కొత్త కాలనీల కోసం ఒక వంటిల్లు గీసింది. రైలు భోజనపు పెట్టెల్లో వంట ఎలా చేస్తారో చూసి, వేసే అడుగులు లెక్కగట్టి, సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవులో అన్నీ చేతికందేలా అమర్చింది. బియ్యానికి, పంచదారకు పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు. ఈగలు వాలవన్న నమ్మకంతో నీలం రంగు. (మా ఇంట్లో వాలాయి.) అలాంటివి 10,000 దాకా కట్టారు. ఆడవాళ్ళకు కాస్త సమయం మిగలాలన్నది ఆమె ఉద్దేశం. ఒక్క మనిషికే సరిపోయే ఆ గదిలో ఆ ఒక్కరూ ఎవరని తర్వాతి తరం స్త్రీవాదులు అడిగారు. విమల 'వంటిల్లు' కవిత చదువుకుని వంటిళ్ళు కూలాలని ఆవేశపడ్డ నేను, అదే వంటింటి గోడకు రంగు పూస్తున్నానేమిటని బ్రష్షు పట్టుకుని ఒక్క క్షణం ఆగిన మాట నిజం. ఆగి, మళ్ళీ పూశాను. కూలేదాకా జీలకర్ర ఎక్కడుందో చెప్పే పని నాకెందుకు?

అసలు చిక్కు పేర్లు రాశాక వచ్చింది. అత్తయ్య రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మెల్లగా అంది: "నా తలలో ఉన్నదంతా తీసుకెళ్ళి గోడమీద పెట్టేశావమ్మాయ్. ఇంక నన్నెవరు పిలుస్తారు?"

ఆవిడకు డెబ్భై ఆరేళ్ళు. మామయ్య జీతమెంతో ఆవిడకు ఏనాడూ తెలియదు. ఉప్పు ఎక్కడుందో ఆయనకూ తెలియదు. ఈ రెండూ సమానం కావు. మొదటిది ఆవిడ చేతుల్లోంచి అధికారం లాగేసింది, రెండోది ఆయన్ని కూర్చోబెట్టి పోషించింది. అయినా ఆ ఇంట్లో ఆవిడ దగ్గరున్నది ఆ ఉప్పే. కనబడని శ్రమను కనబడేలా చెయ్యడమే న్యాయమని తరగతిలో పాతికేళ్ళుగా చెబుతున్నాను. ఆ కనబడకపోవడంలోనే ఒక మనిషి ఇల్లు కట్టుకుని ఉండొచ్చని నాకు తట్టలేదు. నా బరువు దించుకునే హక్కు నాకుంది, అందులో అనుమానం లేదు. కానీ నేను దించింది ఇద్దరిది. రెండోవాళ్ళను అడగలేదు. అడిగితే ఆవిడ వద్దనేది, నేనేమో పక్కగదిలోంచి జవాబులు చెబుతూనే ఉండేదాన్ని. అందుకే అడగలేదేమో కూడా.

గిన్నెలు తోమడానికి వచ్చే ఆమెకు చదువు రాదు. చేతిలో గరిటెలతో నా అక్షరాల ముందు నిలబడి, "ఇవి ఏడ పెట్టాలమ్మా?" అంది. అందరి కోసమనుకుని రాసింది చదువొచ్చిన ముగ్గురి కోసమేనన్నమాట. సిగ్గేసింది. కొక్కేల పక్కన గరిటె, అట్లకాడ, పట్టకారు బొమ్మలు వేశాను. మీ ఇంట్లో ఎలా పెట్టుకుంటావని అడిగాను. "ఒక్కటే రూము కదమ్మా, అన్నీ కనబడ్తయి" అని నవ్వింది.

నా సహచరుడు ఇప్పుడు జీలకర్ర ఎక్కడుందని అడగడు. సీసా తీసి, "జీలకర్ర అయిపోయింది, తేలేదా?" అంటాడు. సీసా మీద పేరు రాశాను గానీ, అయిపోయిందని ఎవరు చూడాలో రాయలేదు. పేపర్లు దిద్దుతూ దీని గురించి రెండుసార్లు పోట్లాడాను. మూడోసారి అతనే వెళ్ళి తెచ్చాడు, సోంపు.

పోయిన వారం అత్తయ్య చట్రం ముందు కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చుంది. అడుగున ఉన్న పెద్ద అరకు ఇంకా రెండో పూత వెయ్యలేదు. అది తనకు వదిలెయ్యమంది. "దానిమీద ఏమీ రాయకు. నాకేం కావాలో నేను పెట్టుకుంటాను, కావాలంటే నన్నడగండి." వదిలేశాను. నిన్న మెంతులు కావలసి వచ్చి ఆవిడ గది తలుపు తట్టాను.