బర్జిల్లయి మనవి



సమూయేలు రెండవ గ్రంథము 19వ అధ్యాయములో, యొర్దాను రేవునొద్ద, ఎనుబది యేండ్ల వృద్ధుడొకడు రాజు ఎదుట నిలిచియున్నాడు. ఆయన పేరు బర్జిల్లయి. గిలాదువాడు, కలిగినవాడు. అబ్షాలోము తిరుగుబాటు అణగిపోయినది. దావీదు మరల యెరూషలేమునకు పోవుచున్నాడు. పోవుచు పోవుచు ఆ పెద్దాయనను తనతోకూడ రాజధానికి వచ్చి, తన పోషణలో శేషజీవితము గడుపుమని పిలుచుచున్నాడు.

బర్జిల్లయి ఒప్పుకొనలేదు. ఆయన చెప్పిన జవాబు సారాంశమిది: తానిక బ్రదుకబోవునది ఎన్నాళ్లు? నాలుకకు రుచి తెలియుటలేదు. గాయకులు పాడినను గాయకురాండ్రు పాడినను చెవికి పట్టుటలేదు. రాజునకు బరువుగా నుండుట తనకిష్టము లేదు. తలిదండ్రుల సమాధియున్న ఊరిలోనే కన్నుమూయుటకు సెలవిమ్మని అడిగెను. అడిగి, చివర మరియొక మనవి చేసెను. దాని సంగతి తరువాత చూతము.

ఈ వాక్యభాగము మాకు తట్టుటకు కారణమొకటి కలదు. మన సంఘములో నెలకొకమారు పెద్దవారి ప్రార్థన కూడిక జరుగుచున్నది. క్రిందటి నెల ప్రార్థన అరగంట జరిగినది. ఫిర్యాదులు గంటన్నర జరిగినవి. రాజకీయములు చెడిపోయినవనిరి. సినిమాలు, పాటలు, సెల్‌ఫోనులు పిల్లలను పాడుచేసినవనిరి. ఆసుపత్రికి పోయినచో మనిషిని మనిషిగా చూచువాడు లేడనిరి. మేమును ఈ యేట ఎనుబదిలో అడుగుపెట్టినవారమే గనుక, అందరికంటె ఎక్కువగా మాటలాడినది మేమేనని ఒప్పుకొనవలెను. ఇంటికి వచ్చిన తరువాత మనస్సు తేలికపడలేదు సరిగదా, మరింత బరువెక్కినది.

మొదట రాజకీయముల సంగతి. మేము తొలిసారి ఓటు వేసినది 1967లో. అప్పుడు ఇరువదియొక్క ఏండ్లు నిండినగాని ఓటు లేదు. ఉతికిన చొక్కా తొడిగికొని, గుడికి పోయినట్లు పోయితిమి. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టము వచ్చినప్పుడు, ఇకమీదట ఒక గుర్తు మీద గెలిచినవాడు మరియొక గుర్తు క్రింద చేరడని సంతోషించితిమి. తరువాత జరిగినదేమో చదువరులకు తెలియును. రాత్రి టీవీ పెట్టినచో పెద్దమనుష్యులని మనము పంపినవారు ఒకరినొకరు తిట్టుకొను భాష వినబడుచున్నది. ఇంటిలో ఆడపిల్లలుండగా వినదగినది కాదు. ఎన్నికల ముందు రాత్రి గుమ్మములోనికి కవరు వచ్చుచున్నది. అది విశ్వాసుల గుమ్మము దాటి పోవుచున్నదని చెప్పుటకు మాకు ధైర్యము చాలదు.

ఈ విసుగుతో 2024 మే 13వ తేదీన మేము ఓటు వేయబోమని భీష్మించుకొని కూర్చుంటిమి. మా యిల్లాలు ఏమియు వాదింపలేదు. చెప్పులు తొడిగికొని, ఓటరు చీటీ చేతపట్టుకొని గుమ్మములో నిలిచినది. అంతే. పది నిమిషములు నిలిచినది. ఆమె మోకాళ్లలో నొప్పి మాకు తెలియును గనుక లేచి వెంట పోయితిమి.

ఇప్పుడు బర్జిల్లయి వైపు చూడుడి. ఆయన రాజకీయములను విడిచిపెట్టి మూల కూర్చున్న ముసలివాడు కాడు. పదునేడవ అధ్యాయములో, దావీదు కొడుకు చేత తరుమబడి మహనయీమునకు వచ్చినప్పుడు, రేపు ఎవరు గెలుతురో తెలియని సమయమున, ఈయన పరుపులు, పాత్రలు, గోధుమలు, యవలు, చిక్కుడుకాయలు, తేనె, గొఱ్ఱెలు మొదలగునవి తెచ్చి అలసియున్న జనమునకిచ్చినవారిలో ఒకడు. ఓడిపోవునట్లున్నవాని పక్షమున నిలుచుటకు ఎనుబది యేండ్లు ఆయనకు అడ్డము రాలేదు. గెలిచిన తరువాత బల్లయొద్ద కూర్చుండుటకు మాత్రము అడ్డము వచ్చినవి. మన కాలపు వరుస దీనికి సరిగా తలక్రిందులుగా నున్నది. ఆ తలక్రిందుల వరుస నాయకులలోనే గాక మనలోను ఉన్నది.

ఇక పాటల సంగతి. దీనిమీద ఎక్కువ వ్రాయుటకు మాకు సిగ్గుగా నున్నది. 1957లో మాయాబజారు చిత్రము వచ్చినప్పుడు మాకు పండ్రెండేండ్లు. ఇంట చెప్పక చూచి వచ్చినందుకు మా తండ్రిగారు చింతబరికె విరుగునట్లు కొట్టి, లోకము నాశనమునకు సిద్ధమైనదని మూడు దినములు దుఃఖించిరి. నేడు అదే చిత్రమును మనుమలకు చూపి, ఇదిగో కళయనగా ఇట్లుండవలెనని మేము ఉపదేశించుచున్నాము! గుడిలో డ్రమ్ములు, కీబోర్డులు మ్రోగుచున్నవని మనము ముఖము చిట్లించుకొనుచున్నాము. అయితే ఆ మ్రోతలో మాకు మాట వినబడకపోవుటకు సగము కారణము మా చెవులే. బర్జిల్లయి ఈ విషయమున యథార్థవంతుడు. పాడువారు చెడిపోయిరని అనలేదు. నా చెవి తగ్గినదని చెప్పెను. మునుపటి దినములే మేలైనవని ఏల అనుచున్నావని అడుగుట జ్ఞానముగల ప్రశ్న కాదని ప్రసంగి 7వ అధ్యాయమున హెచ్చరించుచున్నాడు. ఆ వాక్యము పెద్దవారి కూడికలో ఎవరును చదువరు.

అట్లని అన్నియు మన చెవుల దోషమేనని చెప్పి ఊరకుండుట కూడ తప్పే. పాట నచ్చకపోవుట వేరు. ఆ పాట నడుమ వచ్చు పందెపు ఆటల ప్రకటన వేరు. పేరున్న ముఖములు తెరమీద నవ్వుచు పిల్లలను జూదమునకు పిలుచుచున్నప్పుడు, అప్పులపాలై ఇల్లు విడిచిన యువకుల కథలు ప్రతి ఊరను వినబడినవి. డబ్బు పెట్టి ఆడు అట్టి ఆన్‌లైను ఆటలను నిషేధించుచు పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టము చేసినది. మనము రాగము మీద కోపపడుచున్న ఆ సంవత్సరములన్నియు ఈ ప్రకటనల సంగతి మన కూడికలో ఒక్కమారైనను ప్రార్థనాంశము కాలేదు. ఏది మన రుచి, ఏది నిజమైన కీడు అని విడదీయుటలో మనము చాల ఆలస్యము చేసితిమి.

ఆసుపత్రి సంగతి వ్రాయుటకే ఇంతవరకు వచ్చితిమి.

పోయిన వర్షకాలములో మా యిల్లాలికి ఆయాసము ఎక్కువైనది. తెల్లవారుజామున బయలుదేరి బస్సులో గంట ప్రయాణము చేసి ఒక ప్రభుత్వాసుపత్రికి పోయితిమి. ఏడు గంటలకే వరుస వీధి గేటు వరకున్నది. సెల్‌ఫోనుతో గోడమీది గుర్తును స్కాను చేసినచో టోకెను వచ్చునని ఒకరు చెప్పిరి. మా ఫోను అట్టిది కాదు. వరుసలో నిలిచితిమి. కూర్చుండుటకు బల్ల లేదు. ఆమె మెట్టుమీద కూర్చున్నది. తొమ్మిదిన్నరకు సర్వరు ఆగిపోయినదనిరి. పదకొండు గంటలకు ఓ.పి. చీటీ కిటికీయొద్దకు చేరునప్పటికి, ఆధార్ కార్డు నకలు కావలెననిరి. అసలు కార్డు మాయొద్ద నున్నది, నకలు లేదు.

అప్పుడు మేము అరచితిమి. "మమ్మల్ని మనుషులనుకుంటున్నారా, గొడ్లనుకుంటున్నారా?" అని వరుస అంతయు వినునట్లు అరచితిమి. కిటికీ వెనుకనున్నది ఇరువది రెండు ఇరువది మూడేండ్ల అమ్మాయి. ఆమె తలయెత్తి, "తాతగారూ, ఇద్దరు చేసే పని, ఈ రోజు నేనొక్కదాన్నే ఉన్నానండీ. మీరు ముందు బామ్మగారిని లోపలికి తీసుకెళ్లండి, నకలు తర్వాత ఇద్దురుగాని" అని చీటీ వ్రాసి ఇచ్చినది. ఆమె ప్రక్కన విప్పని టిఫిను డబ్బా ఉన్నది. డాక్టరుగారు కూడ మంచిగానే చూచిరి, రెండు నిమిషములు. మందులతో ఆయాసము తగ్గినది. దేవునికి స్తోత్రము.

అయితే ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. నలుబది యేండ్లు బల్లయొద్ద నిలిచి కోపము విషయమై సంఘమునకు వాక్యము చెప్పినవారము. ఆ వరుసను కట్టినది ఆ అమ్మాయి కాదు. రెండవ మనిషిని నియమింపనిది ఆమె కాదు. కట్టినవారు, నియమింపనివారు అక్కడ లేరు గనుక, ఉన్నవారిలో అందరికంటె చిన్నదానిమీద మా కోపమంతయు పడినది. వృద్ధాప్యపు కోపమునకు ఇది అలవాటు. అది ఎప్పుడును దగ్గరనున్న బలహీనునే వెదకికొనును. ఇంటిలో కోడలు, వీధిలో రిక్షావాడు, ఆసుపత్రిలో నర్సమ్మ.

పదునైదు దినములకు మరల పోయినప్పుడు, క్షమించుమని ఆ అమ్మాయిని అడిగితిమి. ఆమె మా ముఖము చూచి కొంచెము సేపు ఆలోచించినది. తనకు జ్ఞాపకము లేదనినది. దినమునకు ఎంతమంది అరతురో! క్షమింపబడుటకు కూడ మా అరపు గుర్తింపబడలేదు.

మునుపు ఇట్లుండెడిది కాదని మన పెద్దలు అనుచున్నారు. మిషను ఆసుపత్రుల ప్రేమను మేమును మరువలేదు. అయితే డాక్టరు అన్నా కుగ్లరు అమ్మగారు గుంటూరు వచ్చినది 1883లో. ఆసుపత్రి తెరువబడినది 1898లో. నడుమ పదునైదేండ్లు గడచినవి. ఆ దినములలో మన పల్లెలలో కాన్పు కష్టమైన తల్లులెందరో డాక్టరు ముఖము చూడకయే పోయిరి. స్వాతంత్ర్యము వచ్చిన కాలమున మన దేశములో సగటు ఆయుర్దాయము ముప్పది రెండేండ్ల ప్రాంతము; నేడు డెబ్బది యేండ్ల ప్రాంతము. ఎనుబది యేండ్లవారు పదిమంది ఒకచోట కూడి ఆసుపత్రులు బాగుగ లేవని తగవులాడుచున్నారనిన, అది ఆ ఆసుపత్రులు చేసిన మేలులో ఒక భాగమే.

మేలును ఒప్పుకొనుచునే అన్యాయమును అడుగవచ్చును. తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము 2007లో వచ్చినది. అందులో 20వ సెక్షను మనలో ఎందరు చదివిరి? మేము ఈ సంగతి జరిగిన తరువాతనే చదివితిమి. ప్రభుత్వాసుపత్రులలో వృద్ధులకు వీలైనంతవరకు పడకలుండవలెననియు, వారికి వేరుగా వరుస ఏర్పాటు చేయవలెననియు, ప్రతి జిల్లా ఆసుపత్రిలో వృద్ధుల వైద్యమునకు ప్రత్యేకపు వసతులుండవలెననియు అందు వ్రాయబడియున్నది. మేము నాలుగు గంటలు నిలిచిన ఆ వరుస, ఆ చట్టము ప్రకారము మేము నిలువవలసినది కాదు. 2024 అక్టోబరు 29న డెబ్బది యేండ్లు దాటిన ప్రతివారికి, ఆదాయముతో నిమిత్తము లేకుండ, కుటుంబమునకు ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు భరించు ఆయుష్మాన్ కార్డు ప్రారంభమైనది. మన కూడికలో డెబ్బది దాటినవారు పందొమ్మిదిమంది. కార్డు చేయించుకొన్నవారు నలుగురు. ఫిర్యాదు చేసినవారు పందొమ్మిదిమందియు.

ఇప్పుడు బర్జిల్లయి చివరి మనవికి వత్తము. తనకొరకు ఏమియు వద్దనిన ఆ వృద్ధుడు, ప్రక్కన నిలిచిన కింహామును చూపి, ఇతనిని తీసికొనిపొమ్ము, నీకు మంచిదని తోచినది ఇతనికి చేయుమని రాజును వేడుకొనెను. రాజునొద్ద తనకున్న చనువునంతటిని ఒక యువకుని పక్షముగా ఖర్చుపెట్టెను. దావీదు ఆ మాట మరువలేదు. మరణకాలమున సొలొమోనునకు చెప్పిన మాటలలో బర్జిల్లయి కుమారుల పేరు కలదు. ఎన్నో తరముల తరువాత, యెరూషలేము కూలిపోయిన దినములలో, బేత్లెహేము దగ్గర ఒక మజిలీ కింహాము పేరనే యున్నట్లు యిర్మీయా గ్రంథము 41వ అధ్యాయములో చూచుచున్నాము. ఆ మజిలీలో ఆగినవారు దేశము పాడై, భయపడి పారిపోవుచున్న జనము.

ఈ ధ్యానము మమ్మును ఒక పనికి పురికొల్పినది. ఆసుపత్రి సూపరింటెండెంటుగారికి ఒక అర్జీ వ్రాసితిమి. వృద్ధులకు చట్టములో చెప్పిన వేరు వరుస, గేటు దగ్గర నాలుగు బల్లలు, త్రాగునీరు అడిగితిమి. గర్భిణీ స్త్రీలకు కూడ బల్లలు కావలెనని చేర్చితిమి. చీటీ కిటికీయొద్ద రెండవ మనిషిని నియమింపవలెననియు, అక్కడ పనిచేయువారికి భోజనము చేయుటకు అరగంట విరామమియ్యవలెననియు వ్రాసితిమి. ఈ చివరి మాట చదివి ఒక పెద్దగారు, ఇది మనకెందుకనిరి. యొర్దాను రేవు సంగతి చెప్పితిమి. సంతకము చేసిరి.

అర్జీ పాదిరిగారి యింటిలో నున్నది. వచ్చు రెండవ ఆదివారము ఆరాధన తరువాత సంతకములు తీసికొనబడును. అదే సమయమున యువజన సమాజమువారు ఫోనులతో కూర్చుండి డెబ్బది దాటినవారికి కార్డులు చేయించెదరు. ఆధార్ కార్డు, దానికి చేర్చిన ఫోను వెంట తెచ్చుకొనుడి. నకలు కూడ తెచ్చుకొనుడి.